వెలుగు రంగులు – సిరా రంగులు

పట్టుచీర కొనవచ్చిన గృహిణి దుకాణములోని దీపపు వెలుతురును నమ్మదు. చీరను చేతబట్టి గుమ్మము దాక తెచ్చి, పగటి వెలుతురున మడత విప్పి, చెరగును ఇటునటు త్రిప్పి చూచిన పిదపగాని బేరమునకు దిగదు. రంగు అనునది వస్తువులో మాత్రమే ఉండునది కాదనియు, చూచు వెలుతురునుబట్టి మారుననియు ఆమెకు ఎవరును పాఠము చెప్పలేదు. అనుభవమే నేర్పినది.

నేడు ఆ గృహిణికి గుమ్మము దాక పోవు అవకాశము చాల మారులు దొరకుట లేదు. పోచంపల్లిలో మగ్గముమీదనుండి దిగిన చీరయైనను, పెడనలో అద్దిన కలంకారీ దుప్పటియైనను, ముందుగా ఛాయాచిత్రమై ఊరు దాటుచున్నది. నేతగాడు చేతిలోని ఫోనుతో ఒక బొమ్మ తీయును. ఆ బొమ్మయే దూరదేశముననున్న కొనుగోలుదారుని ఫోనుకు చేరును. ఆ బొమ్మయే సహకార సంఘమువారి కేటలాగున అచ్చగును. ఆ బొమ్మయే ప్రదర్శనశాల వాకిట ఫ్లెక్సుగా వ్రేలాడును. బొమ్మ ఒకటే, రంగులు మూడు. ఫోనులో చిలుకపచ్చగా మెరసినది కేటలాగులో వాడిన ఆకువలె కనుపించును. ఫ్లెక్సుమీద మరియొక ఛాయను దాల్చును. చీర చేతికందిన పిదప, ఇది బొమ్మలో చూపిన చీర కాదని కొన్నవారు త్రిప్పి పంపినచో, రానుపోను ఖర్చులు, మడత నలిగిన సరుకు, పోయిన నమ్మకము – ఈ మూడును నేతగాని నెత్తినే పడును. అతడు మోసము చేయలేదు. కొన్నవారును అబద్ధమాడలేదు. పొరపాటు నడుమ బొమ్మ చేసిన ప్రయాణములో జరిగినది.

ఆ ప్రయాణమున రంగులు ఏ రూపమున ఉండవలెను, ఎక్కడ ఏ రూపమునకు మారవలెను అను విషయమును ఈ ప్రసంగమున విచారింతము. ఇది అచ్చు యంత్రముల యజమానులకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. శుభలేఖ వేయించువారికి, ప్రత్యేక సంచిక వెలువరించువారికి, ఇంటిలోని పాత చిత్రపటములను భద్రపరుపదలచినవారికి, అందరికిని ఇది అవసరమైనదే.

ముందుగా రంగు పుట్టుకను గూర్చి రెండు మాటలు. 1666 ప్రాంతమున న్యూటను గాజు పట్టకముగుండ సూర్యకాంతిని ప్రసరింపజేసి, తెల్లని వెలుగు అనేక వర్ణముల కలయికయని చూపెను. 1802లో థామస్ యంగ్ అను శాస్త్రవేత్త, మన కంటిలో ముఖ్యముగా మూడు విధములైన గ్రాహకములుండుననియు, అన్ని రంగులును వాటి స్పందనల కలయికవలననే మనకు తోచుననియు ప్రతిపాదించెను. 1861లో మాక్స్‌వెల్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో దీనిని ప్రత్యక్షముగా చూపెను. ఒక చారల రిబ్బనును ఎరుపు, ఆకుపచ్చ, నీలము ద్రావణముల గుండ మూడుమారులు ఛాయాచిత్రములు తీయించి, ఆ మూడింటిని ఆ యా రంగుల వెలుగులతోనే ఒకే తెరపై ఒకదానిమీద నొకటి పడునట్లు చేయగా, తెరమీద రంగుల రిబ్బను ప్రత్యక్షమైనది.

మన ఫోనుల, టెలివిజనుల, కంప్యూటరుల తెరలన్నియు ఆ ప్రయోగమునకు వారసులే. తెరను భూతద్దముతో చూచినచో ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల సూక్ష్మదీపములు వరుసలు తీరి కనుపించును. ఈ మూడు రంగుల ఆంగ్ల నామముల తొలి అక్షరములను కూర్చి ఈ పద్ధతిని ఆర్.జి.బి. అనుచున్నారు. సాధారణముగా ఒక్కొక్క దీపమునకు 0 మొదలు 255 వరకు 256 మెట్లుండును. మూడింటి మెట్లను హెచ్చవేసినచో 1,67,77,216 కలయికలు వచ్చును. మూడు దీపములును పూర్తిగా వెలిగినచో తెలుపు. మూడును ఆరినచో నలుపు. ఇవి వెలుగు రంగులు. కలసినకొలది ప్రకాశము పెరుగును.

కాగితము సంగతి వేరు. కాగితము స్వయముగా వెలుగునది కాదు. దానిపై పడిన తెల్లని వెలుగులో కొంత భాగమును సిరా మ్రింగివేయగా, మిగిలినది తిరిగి మన కంటికి చేరును. ఆకాశపు నీలమును పోలిన సయాన్ సిరా ఎరుపు వెలుగును మ్రింగును. మజెంటా సిరా – మన బట్టల దుకాణములలో రాణీ రంగు అని పిలుచుదానికి దగ్గరిది – ఆకుపచ్చ వెలుగును మ్రింగును. పసుపు సిరా నీలపు వెలుగును మ్రింగును. ఇవి సిరా రంగులు. కలసినకొలది ప్రకాశము తరుగును. వెలుగులను కలుపుటయు వర్ణద్రవ్యములను కలుపుటయు ఒకటి కాదని 1852లో హెల్మ్‌హోల్ట్స్ స్పష్టముగా నిరూపించెను. నీలపు వెలుగును పసుపు వెలుగును తగుపాళ్ళలో కలిసినచో తెలుపు కావచ్చును. నీలపు రంగును పసుపు రంగును గిన్నెలో కలిపినచో ఆకుపచ్చ యగును.

ఈ రెండవ సంగతి మన కలంకారీవారికి తరతరములుగా తెలిసినదే. ఇనుమును బెల్లమును ఊరవేసి నలుపు తీయుదురు. పటిక పూసిన చోట వేరుతో కాచిన ఎరుపు పట్టును. నీలిమందు నీలమునిచ్చును. కరకపువ్వు పసుపునిచ్చును. ఆకుపచ్చ కావలసిన చోట దానికొక ప్రత్యేకమైన రంగు వెదకరు. నీలముమీద పసుపు పూయుదురు. నలుపు, ఎరుపు, నీలము, పసుపు – ఈ నాలుగింటి సంయోగముతో దేవతలను, వృక్షములను, పక్షులను అన్నిటిని తీర్తురు. 18వ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో లెబ్లాన్ అను చిత్రకారుడు ఎరుపు, పసుపు, నీలము అను మూడు ఫలకములతోను, అవసరమైనచో నల్లని నాలుగవ ఫలకముతోను రంగుల చిత్రములను అచ్చువేసెను. నేటి అచ్చు యంత్రమును ఆ బాటనే నడచుచున్నది. సయాన్, మజెంటా, పసుపు, నలుపు – ఈ నాలుగు సిరాల పద్ధతికి సి.ఎం.వై.కె. అని పేరు. నల్లని ఫలకమును అచ్చు పరిభాషలో కీ ప్లేటు అందురు. చివరి అక్షరమునకు మూలమదియే.

మూడు సిరాలు కలసినచో నలుపు కావలెను గదా, నాలుగవది ఏల అని అడుగవచ్చును. లోకములోని సిరాలు సిద్ధాంతములోని సిరాలంత శుద్ధమైనవి కావు. మూడింటిని కలిపినచో మాసిన గోధుమవన్నె వచ్చునుగాని నిండు నలుపు రాదు. అదియుగాక మూడు సిరాల తడి కాగితమును నానబెట్టును. అన్నిటికంటె అక్షరముల విషయమున నలుపు వేరుగా ఉండుట అత్యవసరము.

మరియొక విశేషము. అచ్చు యంత్రమునకు లేత రంగు, ముదురు రంగు అను భేదము తెలియదు. సిరా అంటించుట, అంటింపకుండుట – రెండే దానికి తెలిసిన పనులు. లేత రంగు కావలసినచోట చిన్న చుక్కలను, ముదురు రంగు కావలసినచోట పెద్ద చుక్కలను వేయును. దూరమునుండి చూచు మన కన్ను ఆ చుక్కలను కలిపి ఛాయగా గ్రహించును. వార్తాపత్రికల కాగితముపై అంగుళమునకు సుమారు 85 నుండి 100 వరుసలును, నున్నని ఆర్టు కాగితముపై 150 నుండి 175 వరుసలును వేయుట పరిపాటి. నాలుగు రంగుల చుక్కలును ఒకే దిశలో నడచినచో వికారమైన అలలు ఏర్పడును. అందుచేత సాధారణముగా నలుపును 45 డిగ్రీల కోణమునను, మజెంటాను 75, సయాన్‌ను 15, పసుపును 0 డిగ్రీల కోణమునను నిలుపుదురు. ఏదైన రంగుల పత్రికను భూతద్దము క్రింద ఉంచి చూచినచో ఈ చుక్కలు వేసిన ముగ్గులు స్పష్టముగా కనుపించును.

ఇక అసలు చిక్కునకు వత్తము. తెర చూపగల రంగులన్నిటిని కాగితము చూపలేదు. కనకాంబరపు నారింజ, లేత చిలుకపచ్చ, నెమలికంఠపు నిగనిగలాడు నీలము – ఇవి తెరమీద దీపములవలె వెలుగును. సిరాకు ఆ శక్తి లేదు. తెరమీది శుద్ధమైన నీలము కాగితముమీదికి వచ్చునప్పటికి వంగపండు చాయకు తిరుగును. తెరమీది కాంతివంతమైన పచ్చ మందగించును. దీనికి విపరీతమును కలదు. మంచి కాగితముపై సయాన్ సిరా ఇచ్చు ఆ నీలిచాయను సామాన్యమైన తెరలు చూపజాలవు. కావున ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని కాదు. రెండు సీమల సరిహద్దులు వేరు. కొంత భూమి ఉమ్మడి; కొంత ఎవరిది వారిది.

ఆర్.జి.బి. బొమ్మను సి.ఎం.వై.కె.కు మార్చునప్పుడు సరిహద్దుకు వెలుపలనున్న రంగులను లోపలికి త్రోయవలసి వచ్చును. అట్లు త్రోయునప్పుడు వేరువేరుగానున్న రెండు మూడు పచ్చలు ఒకే పచ్చగా మారిపోవచ్చును. ఆ తరువాత ఆ బొమ్మను మరల ఆర్.జి.బి.కి మార్చినను పోయిన భేదము తిరిగి రాదు. రెండు రకముల ధాన్యమును ఒకే గాదెలో పోసిన పిమ్మట గింజను చూచి ఏది ఏ చేనిదో చెప్పుట ఎవరి తరము? చిత్రమేమనగా, సి.ఎం.వై.కె. బొమ్మలో ప్రతి బిందువునకు మూడింటికి బదులు నాలుగు అంకెలుండును. ఫైలు బరువు మూడవ వంతు పెరుగును. రంగుల సంపద మాత్రము తరుగును.

ఇచ్చట ఇంకొక సూక్ష్మము కలదు. అంకెలు రంగులు కావు. దశాంశ పద్ధతి తూనికలు కొలతలు రాకముందు మన పల్లెలలో మానిక కొలత ఊరూరికి మారుచుండెడిది. పది మానికల బియ్యమని వ్రాసి పంపినచో, ఏ ఊరి మానిక అని అడుగక తప్పెడిది కాదు. అట్లే ఎరుపు 200, పచ్చ 80, నీలము 40 అని వ్రాసినచో, ఏ తెర ఎరుపు అని అడుగవలెను. మజెంటా 70 వంతులన్నచో, ఏ కాగితముమీద, ఏ సిరాతో అని అడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానముగా బొమ్మతోబాటు పంపు చిన్న వివరణపత్రమునే ప్రొఫైల్ అందురు. ఈ అంకెల అర్థమిది, ఈ మానిక కొలత ఇంత అని అది తెలుపును.

ఇట్టి కొలతకు పునాది 1931లో పడినది. ఆ యేట అంతర్జాతీయ దీపన సంఘము సగటు మానవనేత్రమును ఆధారముగా గొని, ఏ రంగునైనను అంకెలలో తెలుపు విధానమును నిర్ణయించెను. మన జాతీయ పతాకపు కాషాయము, ఆకుపచ్చలను కూడ భారత ప్రమాణములలో ఆ విధానపు అంకెలతోనే నిర్దేశించిరి. పతాకపు రంగు దేశమంతట ఒకటిగా ఉండవలెనన్నచో కాషాయమను మాట ఒక్కటియే చాలదు గదా! 1993లో కొన్ని సంస్థలు కలసి ఐ.సి.సి. అను అంతర్జాతీయ వర్ణసమితిని నెలకొల్పి, ప్రొఫైళ్ళకు ఉమ్మడి రూపమును ఏర్పరచినవి. 1996లో సామాన్యమైన తెరలకు తగినట్లు ఎస్.ఆర్.జి.బి. అను కొలత ప్రతిపాదింపబడి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైనది. అచ్చుకు పనికివచ్చు నీలిపచ్చలను మరికొంత విస్తారముగా ఇముడ్చుకొనునట్టి అడోబ్ ఆర్.జి.బి. అను కొలత 1998లో వచ్చినది. విస్తారమైనది గనుక అన్నిచోట్ల అదియే మేలనుకొనరాదు. ప్రొఫైలును చదువనేరని సాధనములలో ఆ బొమ్మలు వెలవెలబోయి కనుపించును. పెద్ద మానికతో కొలిచినదానిని చిన్న మానిక లెక్కగా చదివినట్లు అగును.

రంగును భద్రపరచుట ఎంత కష్టమో చెప్పుటకు అజంతాను మించిన ఉదాహరణము లేదు. 1844లో రాబర్టు గిల్ అను సైనికాధికారి ఆ గుహల చిత్రములకు ప్రతులు వ్రాయనారంభించెను. ఏండ్ల తరబడి వ్రాసిన ఆ ప్రతులలో అధికభాగము 1866లో లండనునందలి క్రిస్టల్ పాలెసులో జరిగిన అగ్నిప్రమాదమున కాలిపోయినవి. 1872 మొదలు 1885 వరకు బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్సు తన విద్యార్థులతో మరల ప్రతులు వ్రాయించెను. వాటిలో పెక్కు 1885లో లండనులోనే మరియొక అగ్నిప్రమాదమున నశించినవి. 1920–22 ప్రాంతమున హైదరాబాదు ప్రభుత్వము ఇటలీ నుండి నిపుణులను రప్పించి, పెచ్చులూడుచున్న చిత్రములను నిలబెట్టించెను. ఆ సమయమున చిత్రములపై పూసిన లక్క వార్నీషు కాలక్రమమున పసుపువారి, అసలు రంగులను మరుగుపరచెను. తదుపరి హైదరాబాదు పురావస్తుశాఖాధిపతి గులాం యజ్దానీగారు ఛాయాగ్రహణము ఆధారముగా రంగుల ఫలకములతో అజంతా గ్రంథమును 1930 మొదలు 1955 వరకు నాలుగు భాగములుగా వెలువరించిరి. గోడమీది రంగు మారుచుండగా, కాగితముమీది రంగు పరిశోధకులకు సాక్షియైనది.

ఇందువలన మనము గ్రహింపవలసిన దేమి? ఛాయాచిత్రము అమ్మకపు ప్రకటన మాత్రమే కాదు. రేపటివారికి సాక్ష్యము కూడ. లేపాక్షి మండపపు కప్పుమీది బొమ్మనుగాని, ఇంటిలో అమ్మమ్మ దాచిన పాత చీర అంచునుగాని నేడు తీసిన చిత్రమే, ఆ వస్తువు వెలిసిపోయిన నాడు దాని రంగును చెప్పవలెను. అట్టి చిత్రమును ఏదో ఒక సంచికలో అచ్చువేయుటకై సి.ఎం.వై.కె.కు మార్చి, స్థలము కలిసివచ్చునని మూలమును తుడిచివేసినచో, ఆ యొక్క కాగితము, ఆ యొక్క సిరా చూపగలిగినంతమేరకే ఆ వస్తువు మిగులును. నిప్పు అంటనవసరము లేదు. ఒక్క మీట నొక్కిన చాలును.

కావున మొదటి నియమము: మూలమును ఆర్.జి.బి.లోనే ఉంచవలెను, దానిని ఎన్నడును మార్చరాదు, మార్చవలసినది దాని ప్రతిని. వీలున్నచో కెమెరా తీసిన ముడి ఫైలునే దాచవలెను. లేనిచో ప్రొఫైలును జతపరచి, టిఫ్ రూపమున, మెట్టునకు 8 బిట్లకు బదులు 16 బిట్లతో ఉంచుట మేలు. జెపెగ్ రూపము బరువు తక్కువగాని, సరిదిద్ది మరల భద్రపరచిన ప్రతిసారియు కొంత వివరమును పోగొట్టుకొనును. తాటాకు గ్రంథములకు ప్రతిమీద ప్రతి వ్రాయగా లేఖకదోషములు పెరిగినట్లు, ఇందును దోషములు పెరుగుచుండును. వాట్సాపు వంటి సాధనములద్వారా బొమ్మగా పంపినప్పుడు అది మరింత కుదింపబడును. అచ్చునకు పంపవలసినదానిని డాక్యుమెంటుగా పంపుట అవసరము.

రెండవ నియమము: బొమ్మను ఎక్కడ చూతురో ముందు తెలిసికొని, పిదప ప్రతిని సిద్ధపరుపవలెను. తెరమీద చూచుటకైనచో ఎస్.ఆర్.జి.బి.లోనికి మార్చి, ఛాయాచిత్రములను జెపెగ్‌గాను, గీతలు, అక్షరములు, చిహ్నములు గలవానిని పి.ఎన్.జి.గాను ఉంచవలెను. పి.ఎన్.జి. రూపమున సి.ఎం.వై.కె.కు తావే లేదు. అచ్చునకు సిద్ధపరచిన సి.ఎం.వై.కె. జెపెగ్‌నే తెచ్చి తెరలకు పంపినచో, కొన్ని సాధనములు దానిని తెరువలేవు. కొన్ని తెరచినను రంగులను తారుమారు చేయును.

ఆఫ్‌సెట్ అచ్చునకైనచో ముద్రాపకుని ముందే కలిసికొని మూడు ప్రశ్నలు వేయవలెను. కాగితమేది? మీకు కావలసిన ప్రొఫైలేది? రంగులు మార్చి తీసికొని రావలెనా, మీరే మార్చెదరా? ఒకప్పుడు సి.ఎం.వై.కె. కానిదానిని అచ్చుశాలవారు ముట్టెడివారు కారు. నేడు ప్రొఫైలు జతపరచిన ఆర్.జి.బి. బొమ్మలను తీసికొని, తమ యంత్రమునకు తగినట్లు తామే మార్చుకొనువారును ఉన్నారు. తన యంత్రపు గుణదోషములు తెలిసినవాడు మార్చుటయే న్యాయము. కాని ఆ పని ఇరువురును చేయరాదు, ఇరువురును మానరాదు. ఒక్కరు, ఒక్కమారు, చిట్టచివరను చేయవలెను. వార్తాపత్రిక కాగితమునకు నాలుగు సిరాల మొత్తము సుమారు 240 వంతులు మించరాదు. ఆర్టు కాగితము 300 వంతుల వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు కొంచెము పైగాను భరించును. ఒక కాగితమునకు చేసిన మార్పు మరియొక కాగితమునకు పనికిరాదనుటకు ఇదియే కారణము. బొమ్మ పరిమాణమునకు కూడ ఒక లెక్క కలదు. చుక్కల వరుసలకు సుమారు రెట్టింపు పిక్సెళ్ళు, అనగా మంచి అచ్చునకు అంగుళమునకు 300 ఉండవలెను. 6 అంగుళముల వెడల్పున అచ్చగు బొమ్మకు 1,800 పిక్సెళ్ళు కావలెనన్నమాట.

అక్షరముల సంగతి తెలుగువారు మరింత శ్రద్ధగా చూడవలెను. తెరమీది నలుపును అనాలోచితముగా మార్చినచో అది నాలుగు సిరాల నలుపగును. ప్రసిద్ధమైన ఒక మార్పు విధానములో అది సయాన్ 75, మజెంటా 68, పసుపు 67, నలుపు 90 వంతులుగా వచ్చును. మొత్తము 300 వంతులు. నాలుగు ఫలకములలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినను, అక్షరము చుట్టు రంగుల నీడ పడును. మన లిపిలోని తలకట్లు, గుడులు, వత్తులు సన్నని వంకరలతో కూడినవి. నీడ పడినంతనే వత్తు పూడిపోవును. గుడియో, గుడిదీర్ఘమో తెలియకుండును. అందుచేత చదువవలసిన నల్లని అక్షరములను నలుపు 100 వంతులు, తక్కిన మూడును సున్నగా ఉంచవలెను.

అచ్చు అన్నచో సి.ఎం.వై.కె. యని గట్టిగా పట్టుకొనుటయు సరికాదు. ఛాయాచిత్రముల ప్రయోగశాలలలోని యంత్రములును, ఇంటిలోని ఇంక్‌జెట్ యంత్రములును సాధారణముగా ఆర్.జి.బి. బొమ్మనే ఆశించును. మార్పును అవియే చేసికొనును. ఫ్లెక్సు వేయువారి పద్ధతులు ఒక్కొక్కరివి ఒక్కొక్క విధము, అడుగుటయే మేలు. ఇక జరీ సంగతి. బంగారపు మెరుపు ఒక రంగు కాదు, చూచు కోణమునుబట్టి మారు తళుకు. నాలుగు సిరాలను ఎట్లు కలిపినను అది పసుపుచాయ గోధుమగనే కనుపించును. శుభలేఖలమీద ఆ తళుకు కావలెనన్నచో దానికి లోహపు సిరాను ఐదవ రంగుగా వేరే వేయవలెను. ఒక సంస్థ చిహ్నమునకు ఎల్లచోట్ల ఒకే ఛాయ కావలెనన్నచో, 1963లో ప్యాంటోన్‌వారు ప్రవేశపెట్టిన సంఖ్యల పట్టికవంటిదానిలోని సిరాను ప్రత్యేకముగా కలిపించుకొనుట మార్గము. ఖర్చు పెరుగును గనుక అవసరమున్నచోటనే వాడదగును.

మూడవ నియమము చూపునకు సంబంధించినది. చిత్రమును తీయునప్పుడు ఎండకు ఎదురుగా కాక, నీడపట్టున, పగటి వెలుతురున, ప్రక్కన ఒక బూడిదవన్నె అట్టముక్క నుంచి తీసినచో, పిదప రంగులను సరిచూచుకొనుటకు ఒక గుర్తు దొరకును. కొన్ని ఫోనులు తమంతట తామే రంగులకు మెరుగు పెట్టును; అట్టి ఏర్పాటున్నచో మాన్పవలెను. అచ్చు ప్రూఫును పచ్చని దీపముల క్రింద చూచి సంతకము చేయరాదు. అచ్చును పరిశీలించుటకు 5,000 కెల్విన్ల తెల్లని వెలుగును ప్రమాణముగా పెట్టుకొనిరి. తెరలకు 6,500 కెల్విన్లు పరిపాటి. ప్రమాణదీపము లేనివారికి గుమ్మమున్నది, పగటి వెలుతురున్నది. తెరమీద చూచి సరియన్న రంగును కాగితముమీద వెదకుటకంటె, ప్రూఫుమీద చూచిన రంగును వేయి ప్రతులలో వెదకుట న్యాయము. ప్రూఫునకయ్యెడు సొమ్మును మిగుల్పబోయి, అచ్చైన కేటలాగునంతయు ప్రక్కన పడవేయవలసివచ్చినచో, నష్టము ఆ సొమ్మునకు ఎన్నిరెట్లో చెప్పనక్కరలేదు.

ఇంత చేసినను కొన్ని రంగులు కాగితమునకు లొంగవు. ఆ సత్యమును కొనుగోలుదారునికి దాచుటకంటె చెప్పుట నేతగానికి గౌరవము. ఈ చిలుకపచ్చ అచ్చులో ఒకింత మందగించినది, అసలు చీర దీనికంటె కాంతివంతమైనది అని బొమ్మ క్రింద ఒక్క వాక్యము వ్రాయవచ్చును. పెద్ద బేరమైనచో ఆ చీర నేసిన నూలుపోగులనే నాలుగింటిని కాగితమున కంటించి టపాలో పంపవచ్చును. తెరకు, సిరాకు, కంటికి నడుమ జరుగు ఈ వ్యవహారమున మూలమును కాపాడుట, మార్పును ఒక్కమారు ఎరిగి చేయుట, మారినదానిని దాపరికము లేక చెప్పుట – ఈ మూడును పాటించినచో, బొమ్మను చూచి కొన్నవారు చీరను చూచి నొచ్చుకొనరు. నేడు తీసిన చిత్రమును రేపటివారు నమ్మగలుగుదురు.